పగటి వెలుగు – రాత్రి నిద్ర

(స్త్రీల కార్యక్రమంలో చదివిన ప్రసంగం)



ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. కటికనేల మీద పడుకున్నా ఒళ్ళు తెలియని నిద్ర పట్టేవాళ్ళను చూసి అన్నమాట అది. ఇవాళ మనకు పరుపులున్నాయి, ఫ్యాన్లున్నాయి, చాలా ఇళ్ళలో ఏసీలు కూడా వచ్చాయి. అయినా నలుగురు ఆడవాళ్ళు కూడినచోట వినిపించే మాట ఒకటే: "ఏమిటో వదినా, పక్క మీద వాలితే కన్ను మూత పడదు. తెల్లవారుజామున కాస్త మాగన్నుగా పట్టేసరికి పాలవాడు బెల్లు కొడతాడు." పొద్దున్న లేస్తే తలదిమ్ము, మధ్యాహ్నం ఆవులింతలు, సాయంత్రానికి చిరాకు, ఆ చిరాకంతా పిల్లల మీద.

నిద్ర పట్టకపోతే మనం కాఫీని తిడతాం, వయసును తిడతాం, దిగుళ్ళను లెక్కపెట్టుకుంటాం. అవన్నీ నిజమే కావచ్చు. కాని మనం ఎన్నడూ తప్పు పట్టనివి రెండున్నాయి. ఒకటి, ఇంట్లో పగటిపూట వెలుగు చాలకపోవడం, రాత్రిపూట వెలుగు మితిమీరడం. రెండోది, పడకగదిలోని గాలి. ఇవాళ ఈ రెండింటి గురించి చెప్పుకుందాం.

చింతచెట్టు చెప్పిన సంగతి

చింతచెట్టు ఆకులు పొద్దుగూకేసరికి ముడుచుకుంటాయని, తెల్లవారితే విచ్చుకుంటాయని మనందరికీ తెలుసు. అలెగ్జాండర్ కాలంలో, అంటే క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో, ఆయన నౌకాదళంలోని ఆండ్రోస్తనీస్ అనే అధికారి ఇప్పటి బహ్రెయిన్ దీవిలో చింతచెట్టును చూసి ఈ సంగతి రాసిపెట్టాడు. వెలుగొస్తే విచ్చుకోవడం, పోతే ముడుచుకోవడం, ఇందులో వింతేముంది అనిపిస్తుంది కదూ!

వింత 1729లో బయటపడింది. డి మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అత్తిపత్తి జాతి మొక్కను తీసుకుపోయి చీకట్లో పెట్టాడు. వెలుగు సోకకపోయినా ఆ మొక్క పగటివేళకు ఆకులు విప్పింది, రాత్రివేళకు ముడిచింది. అంటే వేళను అది బయట చూసి తెలుసుకోవడం లేదు, దానిలోపలే ఒక గడియారం వుందన్నమాట.

అటువంటి గడియారం మనలోనూ వుంది. రెండు కళ్ళ నుంచి మెదడులోకి పోయే నరాలు ఒకదాన్నొకటి దాటే చోట, దానికి కాస్త పైన, ఇరవై వేల దాకా కణాలున్న చిన్న ముద్ద వుంది. నిద్ర ఎప్పుడు రావాలి, మెలకువ ఎప్పుడు కావాలి, ఒంటి వేడి ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి అన్నీ అది చూసుకుంటుంది. ఈ గడియారం కణాలలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానం వచ్చింది.

అయితే ఈ గడియారానికి చిన్న లోపం వుంది. అది సరిగ్గా 24 గంటలు నడవదు. చాలామందిలో పది పన్నెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటుందని 1999లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు లెక్కకట్టారు. పది నిమిషాలే కదా అనకండి. రోజుకు పది నిమిషాలు ఆలస్యమయ్యే గోడగడియారాన్ని పట్టించుకోకుండా వారం వదిలేస్తే గంటకు పైగా వెనకబడుతుంది. అంచేత దాన్ని రోజూ సరిదిద్దాలి. ఆ సరిదిద్దే చెయ్యి ఏదనుకున్నారు? పొద్దుటి వెలుగు. పొద్దున్న కంట్లో పడే వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది. రాత్రి పడుకోబోయే ముందు పడే వెలుగు వెనక్కి లాగుతుంది. మొదటిది లేక, రెండోది ఎక్కువైతే, పదింటికి రావలసిన నిద్ర పన్నెండయినా రాదు.

కంటికి ఇంకో పని కూడా వుంది

కన్నున్నది చూడడానికే అనుకుంటాం. కాని కంటి వెనకపొరలో, చూపుతో పెద్దగా పనిలేకుండా, "ఇప్పుడు పగలా, రాత్రా?" అన్న కబురు మాత్రం మెదడుకు చేరవేసే కణాలు కొన్ని వున్నాయి. వాటి సంగతి 2002లో రూఢి అయింది. చూపు పూర్తిగా పోయినవాళ్ళలో కొందరికి ఈ కణాలు బాగానే వుంటాయి. వాళ్ళకు ఏమీ కనిపించకపోయినా వేళకు నిద్ర వస్తుంది, వేళకు మెలకువ వస్తుంది. ఈ కణాలకు నీలిరంగు పాలు ఎక్కువగా వున్న తెల్లని వెలుగంటే బాగా తెలుసు. పసుపు, ఎరుపు రంగు వెలుగును అంతగా పట్టించుకోవు.

ఈ కబురును బట్టే మెదడులో బియ్యపుగింజంత గ్రంథి ఒకటి మెలటోనిన్ అనే పదార్థాన్ని రాత్రిపూట రక్తంలోకి వదులుతుంది. దాన్ని 1958లో అమెరికాలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు వేరుచేసి చూపాడు. అది నిద్రమాత్ర వంటిది కాదు. "చీకటి పడింది, ఇక సర్దుకోండి" అని ఒంట్లోని అన్ని అవయవాలకు చాటింపు వేసే తలారి వంటిది. రాత్రిపూట గట్టి వెలుగు కంట్లో పడితే ఆ చాటింపు ఆగిపోతుందని 1980లో మనుషుల మీద పరీక్ష చేసి తెలుసుకున్నారు.

మన కన్ను చేసే మోసం

"మా ఇంట్లో వెలుగుకేం లోటు? పగలు కూడా ట్యూబులైట్లు వేసే వుంచుతాం" అంటారు కొందరు. ఇక్కడే మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, ఎక్కువైతే చిన్నదవుతుంది. కళ్ళలోని పొర కూడా ఉన్నదాంతో సర్దుకుంటుంది. అందుకని ఇంట్లో, బయట వెలుగులకు మధ్య ఎంత తేడా వుందో మనకు తెలియదు.

వెలుగును లక్సులలో కొలుస్తారు. ఒక కొవ్వొత్తి మీటరు దూరాన వున్న వస్తువు మీద వేసే వెలుగు సుమారు ఒక లక్సు. నిండుపున్నమి నాటి వెన్నెల లక్సులో మూడోవంతుకు మించదు. ట్యూబులైటు వున్న మామూలు గదిలో 100 నుంచి 200 దాకా వుంటుంది. నీడపట్టున వున్న బాల్కనీలో వెయ్యి దాటుతుంది. మబ్బుపట్టిన రోజున కూడా ఆరుబయట కొన్ని వేలుంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో లక్ష! అంటే మనం ఎంతో వెలుగనుకునే గదికీ, గడప దాటి అవతల పెట్టే అడుగుకీ తేడా రెట్టింపు కాదు, పదిరెట్లు, వందరెట్లు.

ఈ విషయం తెలిసిన శాస్త్రజ్ఞులు కొందరు కూడి 2022లో ఒక సలహా ఇచ్చారు. ఇందాక చెప్పుకున్న కణాలకు తగిన ప్రత్యేకమైన కొలతలో, కంటి ఎత్తున, పగలు 250కి తగ్గకుండా వెలుగు వుండాలి. పడుకోవడానికి మూడు గంటల ముందు నుంచి 10కి మించకూడదు. నిద్రపోయే గదిలో ఒకటికి మించకూడదు. లక్సులు కొలిచే యంత్రం మన దగ్గర లేకపోయినా ఫరవాలేదు. ఆ మూడంకెలు మన ఇళ్ళ పద్ధతికి ఎంత దూరమో ఆలోచించండి. పగలంతా తెరలు దించిన హాల్లో వంద, రాత్రి పదకొండింటికి తళతళలాడే తెల్లని ఎల్‌ఇడి లైట్ల కింద కూడా అదే వంద! పాపం, లోపలి గడియారానికి ఇది పగలో రాత్రో ఎలా తెలుస్తుంది? త్రిశంకుస్వర్గంలో వున్నట్టు, పగలూ కాని రాత్రీ కాని మునిమాపులో మనల్ని మనమే వుంచుకుంటున్నాం.

మండువా నుంచి ఫ్లాటు దాకా

పాతకాలపు ఇళ్ళలో ఈ బాధ తక్కువ. తెల్లవారుతూనే వాకిలి చిమ్మి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టే ఇల్లాలికి పొద్దుటి వెలుగు అడక్కుండానే దొరికేది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళలో ఇంటి నడిబొడ్డునే ఆకాశం కనిపించేది. మధ్యాహ్నం వీధి అరుగు, వేసవి రాత్రుళ్ళు ఆరుబయట నులకమంచాలు. పొద్దుగూకాక వున్నది లాంతరు వెలుగే.

అలాగని పాతదంతా బంగారమని నేను అనను. పొగచూరిన వంటింట్లో పిడకలు, కట్టెలు ఊది ఊది ఎందరు తల్లులు ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారో మనకు తెలుసు. కిటికీలేని చీకటిగదిలో బాలింతను పెట్టి తలుపులు బిగించిన రోజులూ తెలుసు. ఆ పొగను, ఆ చీకటిగదిని వదులుకున్నందుకు విచారించనక్కరలేదు. వాటితోపాటు వాకిలిని, అరుగును కూడా వదిలేసుకున్నాం, అదీ చిక్కు.

ఇప్పుడు ఫ్లాటుకీ ఫ్లాటుకీ మధ్య చెయ్యి చాపితే అందే సందు. మన జాతీయ భవన నియమావళిలో గదికి కిటికీలు ఎంత వుండాలో లెక్క వుంది. పొడిగా వేడిగా వుండే ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో పదోవంతు, ఉక్కగా వేడిగా వుండే ప్రాంతాల్లో ఆరోవంతు. అంటే విశాఖపట్నం వంటి ఊళ్ళో 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగుల కిటికీ కావాలి. కట్టినవాడు ఆ లెక్క ప్రకారమే పెట్టాడనుకుందాం. మనమేం చేస్తాం? సగం కిటికీకి బీరువా అడ్డం పెడతాం. మిగతా సగంలో అట్టపెట్టెలు, పాత సూట్‌కేసులు. వాటి మీద దుమ్ము పడుతుందని దళసరి తెర. ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, నల్లానీళ్ళు చూస్తాం. పొద్దున్న తొమ్మిదింటికి లైటు వేయకుండా హాల్లో కూర్చుని పేపరు చదవగలమా లేదా అన్నది కూడా చూడాలి.

వెనకగదిలోని అత్తగారు

ఈ వెలుగు లోటు వల్ల ఎక్కువ బాధపడేది ఇంట్లో పెద్దవాళ్ళు. ఎన్నో ఇళ్ళలో జరిగే సంగతే చెబుతాను. అత్తగారికి డెబ్బై అయిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులు, బయటికి రాలేరు. "వెనకగది ప్రశాంతంగా వుంటుంది అత్తయ్యా" అని ఆ గది ఇస్తాం. ఆవిడ పగలంతా ఆ మసకలో కునుకుతూ వుంటారు. రాత్రి రెండింటికి లేచి గిన్నెలు చప్పుడు చేస్తారు, "తెల్లారిందా?" అని అడుగుతారు. వారం తిరిగేసరికి "ఆవిడకు మతి తప్పుతోంది" అని ఇంట్లో గుసగుసలు. డాక్టరు దగ్గరికి పోయి నిద్రమాత్రలు అడుగుతాం.

మాత్ర వేసేముందు ఒక్కమాట ఆలోచించండి. వయసు పెరిగినకొద్దీ కంటిలోని కటకం పసుపుపచ్చబడుతుంది, గడియారానికి కావలసిన నీలి వెలుగును లోపలికి పోనివ్వదు. శుక్లాలుంటే మరీను. అంటే మనకు చాలిన వెలుగు వాళ్ళకు చాలదు. మనకంటే ఎక్కువ వెలుగు కావలసినవాళ్ళను మనకంటే చీకటిగదిలో పెడుతున్నాం! నెదర్లాండ్స్‌లో మతిమరుపు జబ్బున్న వృద్ధులుండే 12 ఆశ్రమాలలో, కొన్నింట్లో పగలంతా సుమారు వెయ్యి లక్సుల వెలుగు వుండేట్టు దీపాలు బిగించి, కొన్నింట్లో మామూలుగా వదిలేసి, ఏళ్ళ తరబడి గమనించారు. 2008లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. జబ్బు నయం కాలేదు. కాని ఎక్కువ వెలుగులో వున్నవారిలో మతి క్షీణించడం కొంత నెమ్మదించింది, దిగులు కూడా కాస్త తగ్గింది.

ఇంకో సంగతి. నిద్రమాత్ర మత్తులో రాత్రి బాత్‌రూముకు లేచి తూలిపడి, తుంటి ఎముక విరిగి మంచానపడిన పెద్దవాళ్ళు ఎందరో. అంచేత డాక్టరు రాసిచ్చిన మాత్రను సొంతంగా మానవద్దు, సొంతంగా మొదలుపెట్టనూ వద్దు. ముందు ఈ పని చేయండి. పొద్దున్న టిఫిను, కాఫీ ఆవిడకు బాల్కనీలోనో, పెద్ద కిటికీ దగ్గరో కుర్చీ వేసి అక్కడ ఇవ్వండి. చిక్కుడుకాయలు ఈనె తీయడం, బియ్యంలో మట్టిగడ్డలు ఏరడం వంటి పని అక్కడే పెట్టండి. వెలుగుతోపాటు నాలుగు మాటలు, నలుగురి మొహాలు దొరుకుతాయి. మధ్యాహ్నం కునుకు అరగంటకు మించనీయకండి. శుక్లాలున్నాయేమో చూపించండి. రాత్రిపూట మంచం నుంచి బాత్‌రూము దాకా కాలి ఎత్తున చిన్న పసుపురంగు బల్బు పెట్టండి. దారి కనిపిస్తుంది, నిద్ర చెడదు. రెండు మూడు వారాలు ఇలా చేసి చూడండి.

అయితే నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కసారిగా తికమకగా మాట్లాడితే మాత్రం వెలుగూ చీకటీ అనుకుంటూ కూర్చోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వంటివాటి వల్ల కూడా అలా అవుతుంది. వెంటనే డాక్టరుకు చూపించాలి.

పసిపిల్లలు, బడిపిల్లలు

వెలుగు ఒంటి మీద ఎంత పని చేస్తుందో ఒక నర్సమ్మ కనిపెట్టిన కథ చెబుతాను. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని పసికందులను చూసే సిస్టర్ వార్డ్ అనే ఆవిడ, ఎండగా వున్న రోజుల్లో పిల్లలను ఆవరణలోకి తీసుకుపోయేది. పచ్చకామెర్లున్న ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. దుప్పటి కప్పిన చోట ఒళ్ళు పచ్చగానే వుంది, వెలుగు సోకినచోట పసుపు విరిగిపోయింది! ఆ తర్వాత ఆ ఆసుపత్రి డాక్టర్లు పరీక్షలు చేసి 1958లో ప్రకటించారు. ఈనాడు ప్రసూతి ఆసుపత్రుల్లో పసిబిడ్డలను నీలిదీపాల కింద పెట్టడానికి మూలం ఆ నర్సు చూపే. అయితే పసిబిడ్డ పచ్చబడితే ఎండలో పడుకోబెట్టి సరిపెట్టుకోకూడదు. పరీక్ష చేయించాలి. తగిన దీపం కిందే వైద్యం జరగాలి.

పసిపిల్లలు రాత్రి మేలుకుని పగలు పడుకుంటారని విసుక్కుంటాం. పుట్టినప్పుడు వాళ్ళ లోగడియారం ఇంకా కుదురుకోదు. అది కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పగలు గదిలో వెలుగు రానిచ్చి, రాత్రి పాలిచ్చేటప్పుడు, గుడ్డలు మార్చేటప్పుడు పెద్దలైటు వేయకుండా చిన్నదీపంతో కానిస్తే బిడ్డకూ మేలు, తల్లికీ మేలు.

బడిపిల్లల సంగతికొస్తే, చిన్నవయసులోనే కళ్ళజోళ్ళు ఎందుకొస్తున్నాయి అని అందరం అడుగుతున్నాం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 బడులను తీసుకుని, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఆడించారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, మామూలు బడుల్లో నూటికి 39 మందికి పైగా పిల్లలకు దూరపుచూపు మందగించింది. బయట ఆడిన పిల్లల్లో ఆ సంఖ్య 30కి తగ్గింది. ఈ ఫలితం 2015లో వెలువడింది. ఖర్చేమిటి? ఏమీ లేదు, ఆటే. ట్యూషను ఒక గంట తర్వాత పెట్టించినా మునిగిపోయేదేమీ లేదు. పొద్దు వుండగా పిల్లల్ని కిందికి పంపండి.

పెద్దపిల్లల చేతుల్లో సెల్‌ఫోన్ల గురించి అనాలా? నిజం చెప్పాలంటే ఫోను వెలుగు గది కప్పులోని లైటు కంటే తక్కువే. ఎటొచ్చీ దాన్ని మొహానికి దగ్గర పెట్టుకుని, చీకట్లో, అర్ధరాత్రి దాకా చూస్తారు. పైగా అందులోని కబుర్లు మనసును పడుకోనివ్వవు. ఫోన్లన్నీ రాత్రికి హాల్లో ఛార్జింగు పెట్టాలని ఒక నియమం పెట్టండి. అయితే ఆ నియమం అమ్మానాన్నలకు కూడా వర్తించాలి. లేకపోతే పిల్లలు వినరు.

అద్దంలోంచి వచ్చే ఎండ

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మూసిన అద్దాల కిటికీలోంచి వచ్చే వెలుగు లోగడియారానికి పనికొస్తుంది. కాని ఎముకల గట్టిదనానికి కావలసిన డి విటమిను తయారుకావడానికి పనికిరాదు. దానికి కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఎండ చర్మానికి నేరుగా తగలాలి.

ఎండలకు కరువులేని మన దేశంలో డి విటమిను లోపం వుంటుందంటే నమ్మబుద్ధి కాదు. కాని తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఆ చుట్టుపక్కల పట్నాల్లో, పల్లెల్లో రక్తపరీక్షలు చేసి, లోపం చాలామందిలో వున్నదని తేల్చారు. తిరుపతిలో ఏ వేళ ఎండ ఇందుకు బాగా పనికొస్తుందో కూడా చూశారు. పగలు 11 నుంచి 2 దాకా అని తేలింది. సూర్యోదయపు లేత ఎండ నిద్రకు మంచిదే కాని డి విటమినుకు చాలదన్నమాట. అందుకని మే నెలలో విజయవాడలో మిట్టమధ్యాహ్నం మేడ మీద నిలబడమని నేను చెప్పను, వడదెబ్బ తగులుతుంది. చలికాలంలో పదకొండింటప్పుడు వడియాలు ఎండబెట్టడానికో, బట్టలారేయడానికో వెళ్ళినప్పుడు చేతులకు, కాళ్ళకు కాసేపు ఎండ తగలనివ్వండి. ఒళ్ళునొప్పులు, ఎముకల నొప్పులు వదలకుండా వుంటే రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పిన మోతాదులో మందు వాడండి. పక్కింటావిడ వాడిన మోతాదు మనకు పనికిరాదు.

గది గాలి

నర్సులకు గురువైన ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన పుస్తకంలో రోగికి మొదట కావలసింది మంచి గాలి, ఆ తర్వాత వెలుగు అని రాసింది. కనుక గాలి గురించి కూడా నాలుగు మాటలు.

ఏసీ వేసుకుంటే చల్లగాలి బయటినుంచి వస్తోందనుకుంటాం. మన ఇళ్ళలో వుండే స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే పీల్చి, చల్లబరిచి, తిరిగి గదిలోకే వదులుతుంది. కొత్తగాలి రాదు. బయట గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళకు 420 పాళ్ళకు పైగా వుంటుంది. చిన్నగదిలో తలుపులు బిగించుకుని నలుగురు పడుకుంటే తెల్లవారేసరికి అది 2000 దాటడం వింతేమీ కాదు. పొద్దున్న తల బరువుగా వుండడానికి అదీ ఒక కారణం కావచ్చు. పడుకునేముందు పావుగంట కిటికీ, తలుపు ఎదురెదురుగా తెరిచిపెట్టండి. రాత్రి తలుపు ఒక చేతి వెడల్పు తెరిచివుంచినా గాలి మారుతుంది. కరెంటు పొదుపు కోసం 2020 నుంచి మన దేశంలో కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు చేశారు. దాన్ని 18కి దించి, పైన రగ్గు కప్పుకోవడం ఏం పొదుపు చెప్పండి?

దోమలకు భయపడి కాయిల్ వెలిగించి తలుపులు వేసుకుంటారు కొందరు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని పొగరజను 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినదానితో సమానమని 2003లో ప్రకటించిన పరిశోధన చెబుతోంది. ఇంట్లో ఎవరైనా సిగరెట్టు కాలిస్తే కేకలేస్తాం, పిల్లల మంచం కింద మాత్రం కాయిల్ పెడతాం! దోమతెరను మించిన మందు లేదు. కిటికీలకు జాలీ కొట్టిస్తే గాలీ వస్తుంది, దోమా రాదు. వంటింట్లో తిరగమోత ఘాటు, గ్యాసుమంట ఆవిరి నేరుగా బయటికి పోయేట్టు వంట మొదలుపెట్టగానే ఫ్యాను వేయండి, అయ్యాక పది నిమిషాలు వుంచండి.

మరి ఇల్లాలి సంగతి?

అత్తగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టాం, పిల్లల్ని ఆటకు పంపాం. అన్నీ అమర్చే ఇల్లాలు ఎక్కడుంది? అయిదింటికి లేచి, కిటికీలేని వంటింట్లో లైటు కింద డబ్బాలు సర్దుతూ వుంది. తొమ్మిదింటికి అందరూ వెళ్ళాక కాస్త నడుం వాలుద్దామని తెరలు దించిన గదిలోకి పోతుంది. రాత్రి అందరూ పడుకున్నాక పదకొండింటికి తెల్లని లైటు కింద గిన్నెలు కడిగి, ఇడ్లీపిండి రుబ్బి, గట్టు తుడుస్తుంది. పగటి వెలుగు అందరికంటే తక్కువ, రాత్రి వెలుగు అందరికంటే ఎక్కువ పడేది ఆవిడ కళ్ళలోనే! ఆపైన నిద్ర పట్టడం లేదంటే "నీకన్నీ ఆలోచనలే" అని భర్తగారి వేళాకోళం.

అంచేత నా మనవి ఇది. పొద్దున్న లేచిన గంటా రెండు గంటల్లోపు ఒక అరగంట ఆరుబయటి వెలుగు మీ హక్కు అనుకోండి. మొదటి కాఫీ బాల్కనీలోనో, మేడ మీదో తాగండి. కూరగాయలు తరగడం కత్తిపీటతో సహా అక్కడికి మార్చండి. పిల్లల్ని బస్సెక్కించి, వెంటనే లిఫ్టు ఎక్కకుండా వీధి చివరిదాకా నడిచి రండి. సూర్యుణ్ణి గుచ్చి చూడనక్కరలేదు, చూడకూడదు కూడా. ఆ వెలుగులో వుంటే చాలు. పిండి రుబ్బడం సాయంత్రం ఆరింటికే ముగించండి. రాత్రి తొమ్మిది దాటాక పెద్దలైట్లు ఆర్పి, గట్టు మీద ఒక చిన్న పసుపురంగు బల్బు వుంచుకోండి. గిన్నెలు ఆ వెలుగులో కూడా శుభ్రపడతాయి. మిగిలినవి మర్నాటి దాకా ఆగుతాయి, లేదా ఇంట్లో ఇంకొక చెయ్యి అందుకుంటుంది. పడకగదిలో నీలం జీరో బల్బు చాలా ఇళ్ళలో అలవాటు. బల్బు లేకుండా పడుకుంటే మరీ మంచిది. తప్పదంటే పసుపో ఎరుపో పెట్టండి, కంటికి ఎదురుగా లేకుండా చూడండి.

ఇవన్నీ చేసినా వారంలో మూడు రాత్రుళ్ళు, మూడు నెలలపాటు నిద్ర పట్టకపోతే డాక్టరును కలవాలి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టవడం, ముట్లుడిగే వయసులో రాత్రిళ్ళు ఒళ్ళంతా సెగలు రావడం, థైరాయిడు తేడాలు, ఏ పనిమీదా మనసు లేకుండా దిగులు కమ్ముకోవడం, వీటన్నింటికీ వేరే వైద్యం వుంది. సిగ్గుపడి, సర్దుకుపోయి దాచుకోవలసినవి కావు.

రేపు ఆదివారం కిటికీకి అడ్డం వున్న ఆ బీరువాను పక్కకు జరిపించండి. ఒక్కరివల్ల కాదు, ఇంటాయనను, అబ్బాయిని కూడా పిలవండి. ఎందుకని అడిగితే, "నాకు నిద్ర కావాలి" అని చెప్పండి. వెంటనే అర్థం కాకపోయినా ఫరవాలేదు, బీరువా జరిగితే చాలు.